మనిషి తప్పిపోతే డ్రోన్, ఏఐతో గాలించడం ఎలా?

దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి తరచూ ఒకే ప్రశ్న వస్తోంది: "పెళ్లిళ్లకు, పొలాల సర్వేకు వాడే డ్రోన్ మా దగ్గర ఉంది. ఎవరైనా తప్పిపోతే దీంతో వెతకవచ్చా?" వెతకవచ్చు. కానీ డ్రోన్ లేవకముందు చేయాల్సిన పని సరిగా చేయకపోతే మీకు బ్యాటరీలు వృథా, తప్పిపోయిన మనిషికి సమయం వృథా.

ఒక సంగతి ముందే చెప్పాలి. డ్రోన్ పైకి లేవగానే మనిషి కనిపిస్తాడని ఆశ పెట్టుకోకండి. చాలాసార్లు దాని వల్ల కలిగే మేలు వేరు. "ఈ ఎనభై ఎకరాల్లో లేడు, అటు మనుషులను పంపనక్కర్లేదు" అని అది చెప్పగలదు. కాలినడకన వెతుకుతున్న ముప్పై మందిని సరైన గుట్ట వైపు మళ్లించేది ఆ మాటే. ఆ మాట ధైర్యంగా అనాలంటే ఏమేం చేయాలో కింద వరుసగా రాశాను.

1. ముందు ఫోన్, తర్వాతే డ్రోన్

మొదట 112కు ఫోన్ చేయండి. పోలీసులు నమోదు చేసుకుంటేనే సెల్ టవర్ ఆధారంగా చివరి జాడ తీయించే వీలుంటుంది. ఆ ఒక్క వివరం మీ గాలింపు ప్రాంతాన్ని సగానికి తగ్గించవచ్చు. అది పోలీసులకు మాత్రమే దొరుకుతుంది, మీరు ఎంత తెలిసినవారైనా సరే.

గాలింపునకు బాధ్యుడైన అధికారి ఎవరో తెలుసుకుని, ఆయనకు చెప్పాకే ఎగరేయండి. ఒకే గుట్ట మీద ఇద్దరు ఉత్సాహవంతులు రెండు డ్రోన్లు ఎగరేస్తే ఏదో ఒకటి కూలుతుంది. హెలికాప్టర్ వచ్చే అవకాశముంటే మీది నేల మీదే ఉండాలి.

2021 డ్రోన్ నిబంధనల్లో మీకు పనికొచ్చేవి ఇవి:

- 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు బరువున్నది మైక్రో డ్రోన్. వ్యాపారానికి కాకుండా వాడితే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 2 కిలోలు దాటితే తప్పనిసరి.
- డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య ఉండాలి. ప్రమాదం జరిగిన రోజు దాని కోసం కూర్చోలేరు కాబట్టి ఇప్పుడే తీసుకోండి.
- ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో గరిష్ఠ ఎత్తు 400 అడుగులు, అంటే దాదాపు 120 మీటర్లు.
- పోలీసులు ఏ ప్రాంతాన్నయినా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు, అంటే అనుమతి లేకుండా అక్కడ ఎగరేయకూడదు. పెద్ద ప్రమాదాల దగ్గర ఇది జరుగుతుంది.
- నాగార్జునసాగర్, శ్రీశైలం, జూరాల వంటి ప్రాజెక్టుల దగ్గర ఎక్కడ ఎగరేయవచ్చో చూపే గగనతల మ్యాప్ చూడకుండా స్విచ్ కూడా వేయకండి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డును మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. వేడిని చూపించే థర్మల్ కెమెరాకు అనువైన సమయం సరిగ్గా ఆ వేళల్లోనే పడుతుంది. అందుకే అనుమతి సంగతి సాయంత్రమే తేల్చుకోవాలి. ఇంకొక మాట: అడవిలో దారి చెప్పడానికి పెంటల్లోని (అడవి గూడేల్లోని) చెంచులను మించినవారు లేరు. అధికారులను అడిగి ఒకరిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. తెర మీద కనిపించేది జంతువుల బాటో, మనుషుల బాటో ఆయన ఒక్క చూపులో చెబుతారు.

2. ఇంటివాళ్లను అడగాల్సినవి

ఇంట్లో ఏడుపుల మధ్య ఇవి అడగడం కష్టమే. అయినా ఒక్కరిని పక్కకు పిలిచి, కాగితం మీద రాసుకోండి.

- చివరిసారి ఎవరు చూశారు, ఎక్కడ, ఎన్ని గంటలకు? "పొద్దున" అంటే సరిపోదు.
- ఒంటి మీద బట్టల రంగు, చెప్పులు, తలపాగా, గొంగళి.
- వయసు, జబ్బులు, వేసుకునే మందులు, మతిమరుపు.
- ఫోన్ ఉందా, చార్జింగ్ ఎంత ఉండవచ్చు?
- ఈమధ్య ఇంట్లో గొడవ, దిగులు ఏమైనా ఉన్నాయా? ఇది అడగక తప్పదు. దీన్ని బట్టి బావులు, చెరువుల వైపు ముందు చూడాలా అన్నది తేలుతుంది.
- ఇంతకుముందు తప్పిపోతే ఎక్కడ దొరికారు?

చిన్నపిల్లలు సాధారణంగా దగ్గర్లోనే ఉంటారు. నిద్రపోతూనో, దాక్కునో ఉండి, పిలిచినా పలకకపోవచ్చు. మతిమరుపు ఉన్న పెద్దవారు ముళ్లకంపో, వాగో అడ్డం వచ్చేదాకా నేరుగా నడుస్తూ పోతారు. గొర్రెల కాపరి అయితే నీళ్ల దగ్గర, నీడ దగ్గర మొదలుపెట్టండి.

3. సంచిలో ఏముండాలి

- కనీసం ఆరు బ్యాటరీలు, కారులో చార్జ్ చేసుకునే ఏర్పాటు.
- ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునే మ్యాపులు. అమ్రాబాద్ లోపల, డిండి లోయల్లో సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.
- ఫొటోల్లో మనిషిని గుర్తించే ఏఐ ప్రోగ్రాం, అది నేర్చుకున్నదంతా ఉండే మోడల్ ఫైలు లాప్‌టాప్‌లోనే ఉండాలి. ఆన్‌లైన్‌లో నడిచేది అడవిలో దండగ.
- మూడు వాకీటాకీలు, రెండు అదనపు మెమరీ కార్డులు, పెన్ను, గళ్ల కాగితం.
- తెర మీద ఎండ పడకుండా నల్లగుడ్డ. దీన్ని అందరూ మరచిపోతారు. మే నెల ఎండలో తెర నల్లటి అద్దంలా మారుతుంది.

చాలా డ్రోన్ల మాన్యువల్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలని ఉంటుంది. నల్లగొండ వేసవి ఆ గీత దాటిపోతుంది. బ్యాటరీలను థర్మాకోల్ పెట్టెలో నీడన ఉంచండి, ఐసు తగలనివ్వకండి. దిగిన బ్యాటరీని వేడి తగ్గకుండా చార్జింగ్‌కు పెట్టకండి. 30 శాతం మిగలగానే వెనక్కి రప్పించండి. "ఇంకొక్క గుట్ట చూసి వస్తా" అన్నవాళ్ల డ్రోన్‌ను మరుసటి రోజు ఇంకో డ్రోన్‌తో వెతకాల్సి వస్తుంది.

4. ఏ వేళకు ఏ కెమెరా

థర్మల్ కెమెరా ఉంటే చాలు, చీకట్లో మనిషి దీపంలా వెలుగుతాడని చాలామంది అనుకుంటారు. చలిదేశాల వీడియోలు చూసి కలిగే భ్రమ అది. మన దగ్గర నల్లరాతి గుట్టలు పగలంతా కాలి, సగం రాత్రి దాకా ఆ వేడిని వదలవు. రాత్రి ఎనిమిదింటికి దేవరకొండ గుట్టల మీద కెమెరా తిప్పితే ప్రతి బండరాయీ పడుకున్న మనిషిలాగే కనిపిస్తుంది.

రాళ్లు పూర్తిగా చల్లబడేది తెల్లవారుజామున. నాలుగు నుంచి ఆరు గంటల మధ్య తెర ఒక్కసారిగా శుభ్రపడుతుంది. అప్పుడు తెల్లగా కనిపించేవి చాలావరకు ప్రాణమున్నవే: గొర్రెలు, కుక్కలు, అడవిపందులు, మనుషులు. పోలీసులు, ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన దళం) ఆధ్వర్యంలో జరిగే గాలింపులో మీ థర్మల్ బ్యాటరీలను ఈ రెండు గంటల కోసం దాచుకోండి.

వేసవి మధ్యాహ్నం ఇంకో చిక్కు. నేల మనిషి ఒంటికంటే వేడెక్కుతుంది. అప్పుడు మనిషి చల్లని మచ్చలా, అంటే తెల్లటి నేల మీద నల్లగా కనిపిస్తాడు. నేల, ఒళ్లు సమాన వేడికి వచ్చే కాసేపు అసలు కనిపించడు.

థర్మల్ కెమెరా చూడలేనివి కూడా గుర్తుంచుకోండి:

- దట్టమైన ఆకుల కింద ఉన్నది. నల్లమలలో ఆకు రాలే కాలంలో కొంత నయం. బత్తాయి తోటలు ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి కాబట్టి వాటిని పై నుంచి చూసి వదిలేయకండి. కెమెరాను 45 డిగ్రీలు వంచి, సాళ్ల వెంట రెండు దిక్కుల నుంచి చూడండి.
- నీటి అడుగున ఉన్నది.
- గొంగళి కప్పుకున్న మనిషి. గొంగళి వేడిని లోపలే దాస్తుంది. ముఖమో, పాదమో మాత్రమే చిన్న చుక్కలా కనిపిస్తుంది.

పాడుబడ్డ వ్యవసాయ బావులకు లెక్క తిరగబడుతుంది. వాటికి తెల్లవారుజాము పనికిరాదు. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే వెలుగు అడుగు దాకా పోతుంది. మధ్యాహ్నం మామూలు కెమెరాతో, 25 మీటర్ల ఎత్తున, నిలువుగా కిందికి చూడండి. ఏఐ బావిలోకి తొంగి చూడదు. ఊరివాళ్లతో బావుల జాబితా రాయించి, ఒక్కొక్కటీ మీరే చూసి కొట్టేయాలి.

5. ఎంత ఎత్తు, ఎంత వేగం

ఇక్కడ కాస్త లెక్క తప్పదు. ఒక అంగుళం సెన్సార్, 5472×3648 పిక్సెళ్ల (చుక్కల) ఫొటో తీసే డ్రోన్‌ను తీసుకుందాం. 60 మీటర్ల ఎత్తున ఒక్కో పిక్సెల్ నేల మీద దాదాపు 1.6 సెంటీమీటర్లకు సమానం. ఒక ఫొటోలో 90 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు నేల పడుతుంది. పడుకున్న మనిషి వంద పిక్సెళ్ల పొడవు, ముప్పైకి కాస్త తక్కువ వెడల్పు ఉంటాడు. చెప్పు పదహారు పిక్సెళ్లు.

ఎత్తు వంద మీటర్లకు పెంచితే మనిషి అరవై పిక్సెళ్లకు, చెప్పు పదికి తగ్గుతాయి. అందుకే పొదలున్న చోట 60 మీటర్లు దాటకండి. దున్నిన చెలకలో, చెరువు శిఖంలో 80 వరకు పర్వాలేదు.

వరుసల మధ్య 63 మీటర్లు ఉంచితే పక్క ఫొటోలు 30 శాతం కలుస్తాయి. సెకనుకు 5 మీటర్ల వేగం, ఆరు సెకన్లకు ఒక ఫొటో, షట్టర్ సెకనులో 800వ వంతు లేదా ఇంకా వేగంగా. ఈ లెక్కన ఇరవై నిమిషాల్లో కాగితం మీద 93 ఎకరాలు వస్తాయి. మలుపులు తీసేస్తే 75–80 అనుకోండి.

థర్మల్ కెమెరా అంత చూడలేదు. 640×512 పిక్సెళ్లు, 13.5 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నది అదే ఎత్తున 34 మీటర్ల వెడల్పే పట్టుకుంటుంది. వరుసలను దగ్గర చేయాలి. రెండింటికీ ఒకే దారి పెట్టి ఎగరేయడం నేను తరచూ చూసే తప్పు. మధ్యలో థర్మల్ చూడని పట్టీలు మిగిలిపోతాయి, అది ఎవరికీ తెలియదు.

ఇంకో తప్పు ఎత్తును బయలుదేరిన చోటి నుంచి కొలవడం. మీరు లోయలో నిలబడి "60 మీటర్లు" పెడితే, ఎదుటి గుట్ట 70 మీటర్లుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేల ఎత్తుపల్లాలను అనుసరించే సదుపాయం ఉంటే వాడండి. లేకపోతే గుట్ట నెత్తి మీది నుంచే లేపండి.

6. గళ్లు గీయండి, గడి పూర్తిచేయండి

చివరిసారి కనిపించిన చోటు చుట్టూ మ్యాప్ మీద గళ్లు గీయండి. ఒక బ్యాటరీకి ఒక గడి. ప్రతి గడికి పేరు పెట్టండి: అ1, అ2, ఆ1.

క్రమం ఇలా ఉండాలి:

1. చివరిసారి కనిపించిన చోటు, దాని చుట్టూ 300 మీటర్లు.
2. అక్కడి నుంచి వెళ్లే బాటలు, కాలువ కట్టలు, వాగు ఒడ్లు.
3. నీళ్లు, నీడ, గుడి, పాడుబడ్డ కొట్టాలు.
4. మిగిలిన ఖాళీ గళ్లు.

చాలామంది నాలుగోదానితో మొదలుపెడతారు, ఎందుకంటే సాపు నేల మీద ఎగరేయడం తేలిక.

గడి పూర్తయ్యాక కాగితం మీద సమయం, ఎత్తు, కెమెరా, "ఎంత బాగా కనిపించింది" అనేది రాయండి. నేను మూడే మాటలు వాడతాను: తేట, మసక, మూత. చెట్ల కింద కనిపించనిది "మూత". ఆ గడిని చూసినట్టు లెక్క కాదు, అక్కడికి మనుషులు వెళ్లాల్సిందే. "డ్రోన్‌తో చూశాం, ఎవరూ లేరు" అని మూత గడి మీద అనడం కంటే అసలు చూడకపోవడమే మేలు, కనీసం ఇంకొకరు వెళ్లి చూస్తారు.

డ్రోన్ రొద గురించి ఒక మాట. రెక్కల మోత కింద సన్నటి పిలుపు వినిపించదు. బ్యాటరీ మార్చే ప్రతిసారీ రెండు నిమిషాలు అందరినీ నిశ్శబ్దంగా ఉండమని, పేరు పెట్టి పిలిచి, చెవులు రిక్కించండి.

7. ఏఐకి ఏ పని అప్పజెప్పాలి

ఒక విడతలో 200 ఫొటోలు వస్తాయి. ఫొటోకు అర నిమిషం చొప్పున చూసినా గంటా నలభై నిమిషాలు. మొదటి ఇరవై ఫొటోల తర్వాత కళ్లు చూస్తాయి, మనసు చూడదు. ఏఐ అవసరం ఇక్కడే. ఏ ఫొటోలను ముందు చూడాలో వరుస పేర్చడం దాని పని.

ఎక్కువమంది వాడే యోలో వంటి, ఫొటోలో మనిషిని గుర్తించే మోడళ్లలో పొరపాటు ఒకే చోట జరుగుతుంది. మామూలుగా అవి ఫొటోను 640 పిక్సెళ్లకు కుదించుకుని చూస్తాయి. మన 5472 పిక్సెళ్ల ఫొటో ఎనిమిదిన్నర రెట్లు కుదిస్తే, వంద పిక్సెళ్ల మనిషి పన్నెండుకు, వెడల్పు మూడుకు పడిపోతుంది. మూడు పిక్సెళ్ల గీతను మనిషి అని ఏ మోడలూ చెప్పలేదు. "ఏఐ పనిచేయలేదు" అని వచ్చే ఫిర్యాదుల వెనుక చాలావరకు ఇదే ఉంటుంది.

పరిష్కారం ఫొటోను ముక్కలు చేయడం. 640×640 ముక్కలు, ఒకదానితో ఒకటి 20 శాతం కలిసేలా కోస్తే ఒక్కో ఫొటోకు 77 ముక్కలు వస్తాయి. సాహీ అనే ఉచిత ప్రోగ్రాం ఈ పని చేసిపెడుతుంది. 200 ఫొటోలకు 15,400 ముక్కలు. మీ లాప్‌టాప్‌కు ఎంతసేపు పడుతుందో ఇంట్లోనే పరీక్షించుకోండి, గుట్ట కింద కాదు.

మిగతా అమరికలు:

- మోడల్: వీధిలో నిలబడి తీసిన ఫొటోలతో నేర్చుకున్నది పై నుంచి చూస్తే తికమకపడుతుంది. పైనుంచి తీసిన చిత్రాలతో శిక్షణ పొందినదే కావాలి. విజ్‌డ్రోన్, క్రొయేషియాలో గాలింపు కోసమే తయారుచేసిన హెరిడాల్ అందుకు పనికొచ్చే చిత్రాల సమూహాలు.
- నమ్మక స్థాయి: ఏఐకి ఎంత నమ్మకముంటే మనిషి అని చూపాలో చెప్పే అంకె ఇది. 0.2 దగ్గర పెట్టండి. తప్పుడు గుర్తింపులు పెరుగుతాయి, పెరగనివ్వండి. గొర్రెను మనిషి అంటే పది సెకన్లు పోతాయి. మనిషిని రాయి అంటే మనిషే పోతాడు.
- రంగు వెతుకులాట: ఎర్రచీర, నీలం చొక్కా అని తెలిసినప్పుడు చుట్టూ ఉన్న నేలతో కలవని రంగులను పట్టే పద్ధతి మోడల్ కంటే బాగా పనిచేస్తుంది. ఖాకీకి, బురదరంగుకు పనికిరాదు.
- చూసేవాళ్లు: ఏఐ గుర్తించినవి ఇద్దరు విడివిడిగా చూడాలి. ఇరవై నిమిషాలకోసారి మనిషిని మార్చండి. ఏఐ ఏమీ లేదన్న ఫొటోలను కూడా తీరిక చూసుకుని ఒకరు తిప్పాలి.

కిందటి కార్తీకంలో సాధన కోసం ఒక మిత్రుణ్ణి గుట్ట వాలులో దాక్కోమన్నాం. ఖాకీ చొక్కా, రేగుచెట్టు నీడ. ఏఐ మొదట చూపించింది కంది చేనులో దిష్టిబొమ్మను, అదీ గట్టి నమ్మకంతో. తర్వాత రెండు మేకలు, ఒక పుట్ట, బోరు పక్కన ఆరేసిన చీర. మిత్రుడు జాబితాలో లేడు. చివరికి పట్టుకున్నది ఫొటోలు తిప్పుతున్న ఇంటర్ చదివే అబ్బాయి. నీడ అంచు దాటి బయటికి వచ్చిన ఒక్క నీలిరంగు చెప్పును చూశాడు. ఏఐ దానిపై గీత గీయలేదు, అది మనిషి ఆకారం కాదు కదా. ఆ రోజు నుంచి ఏఐతో పాటు ఒకరు "వస్తువులు" మాత్రమే చూస్తారు: చెప్పు, సంచి, నీళ్ల సీసా, తువ్వాలు.

8. తెర మీది చుక్క నుంచి నేల మీది మనిషి దాకా

మనిషి కనిపించాడు. ఇక్కడ చేసే తప్పులు గంటలు తినేస్తాయి.

ఫొటోలో ఉండే జీపీఎస్ గుర్తు డ్రోన్ ఉన్న చోటుది. కెమెరా 45 డిగ్రీలు వంగి ఉంటే, 60 మీటర్ల ఎత్తున, మనిషి అక్కడి నుంచి మరో 60 మీటర్ల ముందు ఉంటాడు. డ్రోన్‌ను సరిగ్గా అతని నెత్తిపైకి తెచ్చి, కెమెరాను నిలువుగా దించి, అప్పుడు గుర్తు తీసుకోండి.

సంఖ్యలు చదివేటప్పుడు జాగ్రత్త. 16.25 డిగ్రీలు వేరు, 16 డిగ్రీల 25 నిమిషాలు వేరు. రెండింటి మధ్య తేడా దాదాపు 18 కిలోమీటర్లు. వాకీటాకీలో "పదహారు ఇరవై అయిదు" అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకుంటారు. "దశాంశం" అన్న మాట పలకండి, అవతలివారితో తిరిగి చదివించుకోండి.

రెండో బ్యాటరీ సిద్ధంగా పెట్టుకుని, నడిచే బృందం చేరేదాకా డ్రోన్‌ను పైనే ఉంచండి. మరీ కిందికి దించితే దుమ్ము, భయం. గుట్ట అంచున ఉన్న పెద్దాయన బెదిరి అడుగు తప్పవచ్చు. బండల కింద పెద్ద తేనెతుట్టెలుంటే ఇంకా ప్రమాదం.

9. నీటిలో గల్లంతైతే

కృష్ణ ఒడ్డున పద్ధతి వేరు. మనిషి ప్రాణాలతో రాయినో, చెట్టునో పట్టుకుని ఉంటే డ్రోన్‌తో మొదట సన్నని నైలాన్ దారం, దానికి కట్టి లావు తాడు అందించవచ్చు. రక్షణ బృందం ఎదుట, బరువును ముందే ఒడ్డున మోయించి చూశాకే.

మునిగిపోతే డ్రోన్ అడుగున చూడలేదు. గజ ఈతగాళ్లకు, పుట్టిలో తిరిగే మత్స్యకారులకు దారి చూపడమే మీ పని. మునిగిన చోటు నుంచి ప్రవాహం వెంట మలుపుల లోపలి ఒడ్లు, పాయల మధ్య చెత్త పేరుకునే చోట్లు, తూటుకాడ గుంపులు చూడండి. శరీరం పైకి తేలడం నీటి వెచ్చదనాన్ని బట్టి ఉంటుంది. వేసవిలో త్వరగా, చలికాలంలో ఆలస్యంగా. కాబట్టి అదే దారిలో రోజుకు రెండుసార్లు తిరగాలి. కెమెరా నిలువుగా ఉంటే నడిమధ్యాహ్నం నీటి తళుకు కమ్మేస్తుంది. ఉదయం, సాయంత్రం వెళ్లండి, తళుకు తగ్గించే పోలరైజింగ్ ఫిల్టర్ పెట్టండి.

10. వద్దని చెప్పాల్సిన చోట

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు, "డ్రోన్లు పంపవచ్చు కదా" అని చాలామంది అడిగారు. సొరంగంలో జీపీఎస్ అందదు. మామూలు డ్రోన్ నిలకడగా నిలవలేదు, బురద కింద ఏముందో చూడలేదు. అక్కడ కేరళ పోలీసు జాగిలాలు, భూమి లోపలికి చూసే రాడార్ వంటివి కావాల్సి వచ్చాయి. నల్లమలలోని సలేశ్వరం లాంటి ఇరుకు లోయల్లోనూ డ్రోన్‌కు అందే జీపీఎస్ ఉపగ్రహాల సంఖ్య పడిపోతుంది. తెర మీద ఆ సంఖ్య చూడండి, తగ్గితే పైకి లేపి వెనక్కి రండి. బోరుబావికి, ఈదురుగాలికి, జోరువానకు కూడా జవాబు ఒకటే: వద్దు.

11. దిగాక

- మెమరీ కార్డును అక్కడే రెండు చోట్లకు కాపీ చేయండి.
- గళ్ల కాగితం మీద సంతకం, సమయం వేసి, ఫొటో తీసుకుని, అసలును అధికారికి ఇవ్వండి.
- ఫొటోలు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. ఇంటివాళ్లకు సంగతి పోలీసుల నోట తెలియాలి, ఎవరో పంపిన ఫొటోలో కాదు.
- రేవుల్లో స్నానం చేస్తున్నవారు, పొలాల్లో పనివారు మీ ఫొటోల్లో అనుకోకుండా పడి ఉంటారు. కేసు ముగిశాక, అధికారి సరేనన్నాక, మీ దగ్గరున్న కాపీలు తుడిచేయండి.
- బ్యాటరీలను సగం చార్జింగ్‌తో దాచండి. రెక్కల అంచులను వేలితో తడిమి, చీలిక తగిలితే ఆ రాత్రే మార్చండి.